బాస్ బోటా, డీప్-వీ బోటా? పిల్లలూ పెద్దలూ ఉన్న ఇంటికి పాత ఫిషింగ్ బోటు ఎంపిక

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు. పదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. ఏడాదిలో కొన్ని నెలలు అమ్మానాన్నలు వచ్చి ఉంటారు. బోటు లాగడానికి 2022 టొయోటా సియెనా వ్యాన్ ఉంది. వెళ్లేది లూయిస్‌విల్ లేక్, రే రాబర్ట్స్, అప్పుడప్పుడు టెక్సోమా. మీరు చూసిన మొదటి బోటు 2007 నాటి 18 అడుగుల ఫైబర్‌గ్లాస్ బాస్ బోటు (బాస్ అనే చేపల వేటకు చేసే రకం), మెర్క్యురీ ఆప్టిమాక్స్ 150 ఇంజన్, అడుగుతున్నది 10,500 డాలర్లు. రెండోది 2011 నాటి 17 అడుగుల అల్యూమినియం డీప్-వీ (అడుగు భాగం V అక్షరంలా లోతుగా ఉండే రకం), ముందు అద్దం ఉంది, యమహా ఎఫ్90 ఫోర్-స్ట్రోక్ ఇంజన్, 12,800 డాలర్లు. మొదటిది చౌక, ఇంజన్ పెద్దది, రంగు ఇంకా మెరుస్తోంది, అందుకే మనసు అటు లాగుతోందన్నారు.

నా మాట రెండో బోటుకే. ఇది ధర చూసి చెబుతున్నది కాదు. ఆ బోట్లో మీ ఇంట్లోవాళ్లు ఎక్కడ కూర్చుంటారన్నది చూసి చెబుతున్నాను.

మీరు పంపిన ఫోటోల్లో స్టీరింగ్ పక్కన కెపాసిటీ ప్లేట్, అంటే ఎంతమంది, ఎంత బరువు ఎక్కొచ్చో చెప్పే పలక, కనిపిస్తోంది. 20 అడుగుల లోపు మోటారు బోట్లకు అమెరికాలో అది తప్పనిసరి. బాస్ బోటు ప్లేటు మీద 4 మంది లేదా 600 పౌండ్లు అని ఉంది. డీప్-వీ మీద 6 మంది లేదా 850 పౌండ్లు, ఆ కింద మనుషులు, మోటారు, సామాను కలిపి 1,350 పౌండ్లు. ఇప్పుడు మీ ఇంటి లెక్క వేయండి. మీరు 180, ఆవిడ 140, పాప 75, బాబు 40, నాన్నగారు 160, అమ్మగారు 140 అనుకుంటే మొత్తం 735. బాస్ బోటులో ఆరుగురు ఎక్కితే తల లెక్కలోనూ ఎక్కువే, బరువులోనూ 135 పౌండ్లు ఎక్కువే. డీప్-వీలో 115 పౌండ్లు ఇంకా మిగులుతుంది. రెండో అంకె కూడా చూడండి: 1,350లో ఇంజన్ సుమారు 370, మనుషులు 735 పోతే 245 మిగిలింది. రెండు బ్యాటరీలు, ట్రోలింగ్ మోటారు (నెమ్మదిగా కదలడానికి ముందు బిగించే చిన్న కరెంటు మోటారు), లంగరు, ఐస్ బాక్సు, భోజనం క్యారేజీలు అన్నీ ఆ 245లోనే సర్దాలి. సరిపోతుంది గానీ మరో కుటుంబాన్ని కూడా రమ్మనే చోటు మాత్రం లేదు. పిల్లలు చిన్నవాళ్లు కదా, ఇద్దరూ కలిసి ఒక్కరి కింద లెక్క అనుకోకండి. ప్లేటు మీద మనిషంటే మనిషే.

బాస్ బోటును అసలు దేనికి తయారుచేశారో గుర్తుంచుకోవాలి. ఇద్దరు మనుషులు తెల్లవారుజామున ర్యాంప్ (బోటును నీళ్లలోకి దించే వాలు) దగ్గర దింపి, సరస్సు అవతలి ఒడ్డుకు నిమిషాల్లో చేరి, చదునైన డెక్ మీద నిలబడి రోజంతా గాలం వేయడానికి. అందుకే దాని అంచు నీటికి బాగా దగ్గరగా ఉంటుంది, చుట్టూ పట్టుకోవడానికి కడ్డీ ఉండదు, ఎదర అద్దం ఉండదు. ఐదేళ్ల పిల్లాడు ముందు డెక్ మీద గాలం పట్టుకుని నిలబడితే వాడికీ నీటికీ మధ్య అడ్డేమీ లేదు. డీప్-వీలో పక్క గోడలు ఆ వయసు పిల్లల నడుము దాకా వస్తాయి. కూర్చుంటే భుజాల దాకా వస్తాయి. ఒక్క ఈ తేడాకే 2,300 డాలర్లు ఎక్కువ పెట్టడం న్యాయం.

గాలి సంగతీ అంతే. మన డాలస్ చుట్టుపక్కల వసంతంలో దక్షిణపు గాలి పొద్దున్న నిమ్మళంగా మొదలై పదకొండయ్యేసరికి ఊపందుకుంటుంది. లూయిస్‌విల్, టెక్సోమా రెండూ విశాలమైనవి, గాలికి అడ్డం తక్కువ. అలలు పొట్టిగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. బాస్ బోటు వేగంగా పోతున్నంతసేపూ వాటి మీద తేలిపోతుంది, నెమ్మదిస్తే ముక్కు దించి నీళ్లు లోపలికి తీసుకుంటుంది. పిల్లలున్నప్పుడు మీరు నెమ్మదిగానే పోతారు కదా. డీప్-వీ అడుగు ఆ అలల్ని కోసుకుంటూ పోతుంది, ఎగిరే తుంపర అద్దానికి తగిలి ఆగుతుంది.

డీప్-వీకి లోటు లేదని కాదు. అంచు ఎత్తు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి డాక్ నుంచి లోపలికి అడుగు వేయడం కష్టం. లోపల సీటు పక్కన ఒక గట్టి స్టెప్ స్టూలు, కింద రబ్బరు పట్టీ ఉన్నది, పెట్టండి. ముందు మీరు దిగి ఆవిడ మోచేయి పట్టుకోండి, చెయ్యి కాదు. బోటును డాక్‌కు రెండు చోట్ల కట్టాకే ఎక్కించండి. ఒకే తాడుతో కడితే అడుగు వేసే క్షణంలో వెనక భాగం దూరం జరిగిపోతుంది. చీర కొంగు, చున్నీ లోపలికి దోపుకోమని చెప్పడం మరవకండి. ట్రోలింగ్ మోటారు పెడల్ దగ్గర గుడ్డ చిక్కుకుంటే పెద్ద ఇబ్బంది.

ఇక సియెనా. దాని లాగే సామర్థ్యం 3,500 పౌండ్లు. బాస్ బోటు లెక్క ఇలా వస్తుంది: బోటు సుమారు 1,450, ఇంజన్ 430, 30 గ్యాలన్ల పెట్రోలు 180, మూడు బ్యాటరీలు 180, ట్రెయిలర్ 800, సామాను 200. మొత్తం 3,240. అంకెల్లో లోపలే ఉంది. కానీ వ్యాన్‌లో ఆరుగురు కూర్చుంటారు, పైగా ట్రెయిలర్ నాలుక (ముందుకు పొడుచుకొచ్చే కడ్డీ) హిచ్ (వ్యాన్ వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు మొత్తంలో పదో వంతు, అంటే మరో 324 పౌండ్లు, వ్యాన్ మోయాలి. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని ఒక అంకె ఉంటుంది. 735, 324, వెనక సామాను ఒక వంద కూడి చూడండి, ఆ అంకెను దాదాపు తాకుతారు. డీప్-వీ మొత్తం 2,500 దగ్గర ఆగుతుంది, హిచ్ మీద 250. జులైలో హైవే మీద ఏసీ వేసుకుని టెక్సోమా దాకా లాగడానికి ఆ 700 పౌండ్ల తేడా ఇంజన్‌కూ బ్రేకులకూ బాగా తెలుస్తుంది. సియెనా ముందు చక్రాలదే అయితే ఇంకో సంగతి: నాచు పట్టిన ర్యాంప్ మీద బోటు లాగేటప్పుడు బరువు వెనక్కి వాలి ముందు చక్రాలు గిర్రున తిరుగుతాయి. బోటు ఎంత తేలికైతే అంత మేలు. హిచ్ ఇంకా లేకపోతే దాని ఖర్చూ, ట్రెయిలర్ లైట్ల వైరింగ్ ఖర్చూ ఇప్పుడే కలుపుకోండి.

కొనే ముందు టేపు పట్టుకుని గ్యారేజీ కొలవండి. మామూలు గ్యారేజీ లోతు 20 అడుగులు. 17 అడుగుల బోటు, వెనక ఇంజన్, ముందు ట్రెయిలర్ నాలుక కలిపితే 21 దాటొచ్చు. నాలుక పక్కకు మడిచే రకమైతే దాదాపు రెండడుగులు కలిసొస్తుంది. మీ హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) డ్రైవ్‌వేలో బోటు నిలపనివ్వకపోతే ప్రతి నెలా స్టోరేజీ అద్దె కట్టాలి. రెండేళ్లలో ఆ అద్దె ఈ రెండు బోట్ల ధరల తేడాను మింగేస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్షలు. రెండో బోటు కొనమన్నాను గానీ గుడ్డిగా కొనమనలేదు. పాత అల్యూమినియం బోటుకు మొదటి శత్రువు కారే రివెట్లు, అంటే పలకల్ని కలిపి బిగించే మేకులు. మీరు చూసింది రివెట్ల బోటే. దాన్ని ట్రెయిలర్ మీదే ఉంచి, అడుగు కింద పలకలు పూర్తిగా ఎండి ఉన్నాయో లేదో గుడ్డతో తుడిచి చూసి, డ్రెయిన్ ప్లగ్ బిగించి, తోట పైపుతో లోపలికి నీళ్లు పట్టండి. వెనక బిల్జ్‌లో (బోటు అడుగున నీళ్లు చేరే చోట) నాలుగైదు అంగుళాలు నిలిస్తే చాలు. ఎక్కువ పట్టొద్దు. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, 60 గ్యాలన్లు పడితే 500 పౌండ్లు అవుతుంది, ట్రెయిలర్ మీద పడిన ఆ భారానికి అడుగు ఇంకా దెబ్బ తింటుంది. ఇరవై నిమిషాలు ఆగి కింద దూరి టార్చి వేసి చూడండి. కారే రివెట్ చుట్టూ ముందు చిన్న తడి వలయం వస్తుంది, తర్వాత బొట్టు వేలాడుతుంది. ప్రతి దాన్నీ సుద్దతో గుర్తు పెట్టండి. మధ్య వెన్ను మీద, వెనక గోడ మూలల్లో, పక్క పలక వంగే చోట ముఖ్యంగా వెతకండి. అలల మీద దభాలున పడ్డప్పుడు ఒత్తిడంతా చేరేది అక్కడే.

ఐదారు చోట్ల చెమర్చితే భయం లేదు. లోపల ఒకరు ఇనుప దిమ్మ ఆనించి బయట ఒకరు సుత్తితో కొడితే రివెట్ మళ్లీ బిగుస్తుంది. రంధ్రం సాగి కోడిగుడ్డు ఆకారమైతే ఒక సైజు పెద్ద గట్టి రివెట్ వేయాలి, సముద్రపు సీలెంట్ పూసి. ఎవరో ముందే మామూలు పాప్ రివెట్లు వేసి ఉంటే అనుమానించండి. వాటి మధ్యలో బోలు ఉంటుంది, అందులోంచే నీళ్లు వస్తాయి. ఇరవై చోట్ల కారుతుంటే, లేదా లోపలి అడ్డపట్టీల వెంట వెంట్రుక లాంటి పగులు కనిపిస్తే ఆ బోటు వదిలేయండి. బేరమాడాల్సిన పని కూడా లేదు.

నేల చెక్క మార్చారేమో అడగండి. ఇంటి డెక్‌కు వాడే ప్రెజర్ ట్రీటెడ్ ప్లైవుడ్ వేసి ఉంటే అందులోని రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. కార్పెట్ అంచు లేపి చూస్తే పలక మీద తెల్లటి పొడి, దాని కింద చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. నేల మీద మడమతో నొక్కుకుంటూ నడవండి, మెత్తగా దిగబడే చోటు ఉంటే కింద చెక్క కుళ్లినట్టు. ఆ కింద తేలడానికి పోసిన ఫోమ్ నీళ్లు పీల్చిందేమో తెలియాలంటే ఒక్కటే దారి: లారీలు తూచే క్యాట్ స్కేల్ దగ్గర ట్రెయిలర్‌తో సహా తూయించి, క్యాటలాగ్ బరువుతో పోల్చండి. సామాను లెక్క తీసేశాక కూడా రెండు మూడు వందల పౌండ్లు ఎక్కువ వస్తే ఫోమ్ తడిసింది.

బాస్ బోటు మీదే మనసుంటే దాని పరీక్ష ట్రాన్సమ్ దగ్గర మొదలవుతుంది. ఇంజన్‌ను మోసే వెనక గోడ అది. చాలా పాత ఫైబర్‌గ్లాస్ బోట్లలో లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఇంజన్ సగం పైకి లేపి, దాని కింది రెక్క పట్టుకుని శరీరం బరువుతో పైకీ కిందికీ ఊపండి. మీతో వచ్చినవాళ్లు గోడ పై అంచును చూస్తుండాలి. ఇంజన్‌తో పాటు గోడ కదిలితే చెక్క పోయింది. తర్వాత ప్లాస్టిక్ సుత్తితో గోడంతా తట్టండి. మంచి చోట ఠక్కుమంటుంది, కుళ్లిన చోట గుడ్డ మీద కొట్టినట్టు డొప్ మంటుంది. అమ్మే అతను ఒప్పుకుంటే సోనార్ సెన్సార్ బిగించిన స్క్రూ ఒకటి, అన్నిటికంటే కిందిది, విప్పండి. స్క్రూ మరల మధ్య తడిసిన టీ పొడి లాంటి గోధుమరంగు పిప్పి అంటుకుని వస్తే ఇక ఆలోచించక్కర్లేదు. ట్రాన్సమ్ మళ్లీ కట్టడానికి వేల డాలర్లవుతుంది, ఆ బోటు విలువకు అది తగదు.

ఇంజన్ల మాట. ఆప్టిమాక్స్ చెడ్డ ఇంజన్ కాదు, బాగా చూసుకున్నది ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కానీ అది గాలితో పెట్రోలు చిమ్మే టూ-స్ట్రోక్, దానికి సొంతంగా ఒక గాలి కంప్రెసర్, ఖరీదైన ఇంజెక్టర్లు ఉంటాయి. దానికి తగిన నూనె మాత్రమే పోయాలి. 2018 నుంచి ఆ వరుస తయారీ ఆగిపోయింది. పనిచేయగల మెకానిక్‌లు ఉన్నారు గానీ ప్రతి షాపూ చేతిలోకి తీసుకోదు. పైగా పూర్తి వేగంలో ఏ ఇంజనైనా గంటకు దాదాపు దాని హార్స్ పవర్‌లో పదో వంతు గ్యాలన్లు తాగుతుంది: 150కి 15, 90కి 9.

రెండింట్లో ఏదైనా సరే, వెళ్లే ముందే అమ్మేవాళ్లతో ఇంజన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. చల్లగా ఉన్న ఇంజన్ ఎలా మేలుకుంటుందో మీరే చూడాలి. వెళ్లగానే మూత తీసి చెయ్యి ఆనించండి, గోరువెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారని అడగండి. కింద గేర్ పెట్టెలో అడుగు స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు కాగితం మీద పట్టండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి, సీళ్లు పోయాయి. వేళ్ల మధ్య రుద్దితే వెండి రజను మెరిస్తే గేర్లు అరుగుతున్నాయి. స్క్రూకు ఉన్న అయస్కాంతం మీద మెత్తటి నల్ల పేస్టు మాత్రం మామూలే.

తర్వాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో చూడటం. ఇంజన్ వేడెక్కాక అన్ని స్పార్క్ ప్లగ్‌లూ తీసి, కిల్ స్విచ్ తాడు (ఊడితే ఇంజన్ ఆగిపోయేది) లాగేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి ఐదారు చుట్లు తిప్పాలి. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే అన్నీ దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. అత్యధికం, అత్యల్పం మధ్య పది శాతం దాటితే ఆ సిలిండర్‌లో ఏదో జరిగింది. ఎఫ్90లో నాలుగు సిలిండర్లు, ఆప్టిమాక్స్‌లో ఆరు. ఇది మీకు అలవాటు లేకపోతే మెకానిక్‌ను పెట్టుకోండి, పనిలో పనిగా ల్యాప్‌టాప్ తగిలించి ఇంజన్ కంప్యూటర్‌లోని గంటల చరిత్ర ముద్రించమనండి. ఏ వేగంలో ఎన్ని గంటలు నడిచిందో, ఎప్పుడెప్పుడు అలారం మోగిందో అందులో ఉంటుంది. అమ్మేవాళ్లు చెప్పే గంటలకూ దానికీ పొంతన చూడండి. ఎఫ్90కి టైమింగ్ బెల్ట్ ఉంది, 1,000 గంటలు లేదా ఐదేళ్లకు చూడాల్సినది. 2011 ఇంజన్‌కు రసీదు లేకపోతే మారలేదనే అనుకుని ధర తగ్గించమనండి. నీళ్ల పంపు ఇంపెల్లర్‌కూ అదే మాట, అది మూడేళ్లకు ఒకసారి మార్చే రబ్బరు ముక్క. లూయిస్‌విల్, రే రాబర్ట్స్, టెక్సోమా మూడింటిలోనూ జీబ్రా మసెల్స్ (దేనికైనా అంటుకుపోయే చిన్న ఆల్చిప్పలు) ఉన్నాయి. బోటును మెరీనాలో నీళ్లలోనే ఉంచి ఉంటే ఇంజన్ నీళ్లు లాగే జల్లెడ దగ్గర చిన్న గవ్వలు అంటుకుని ఉంటాయి, టార్చి వేసి చూడండి. ఆ సరస్సుల నుంచి వెళ్లేటప్పుడు బోటులోని నీళ్లన్నీ ర్యాంప్ దగ్గరే వదిలెయ్యడం టెక్సస్ చట్టం.

నీటి మీద పరీక్ష లేకుండా డబ్బు ఇవ్వకండి. ఒక్కరే కాకుండా నలుగురు ఎక్కండి. డీప్-వీ పూర్తి థ్రాటిల్‌లో 5,000 నుంచి 6,000 ఆర్పీఎం మధ్యకు చేరాలి. 4,700 దగ్గరే ఆగిపోతే ఒకటి ఇంజన్ అలిసిపోయింది, లేదా ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకు ముందుకు నెట్టే దూరం) ఎక్కువ. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 వరకు పెరుగుతుంది, కాబట్టి కంప్రెషన్ బాగుండి ఇది జరిగితే ప్రొపెల్లర్ మార్చి సరిపెట్టుకోవచ్చు. ఇరవై నిమిషాల తర్వాత ఒడ్డుకొచ్చి బిల్జ్ పంపు ఆన్ చేయండి, ఎంత నీళ్లు వస్తాయో బకెట్‌లో పట్టి చూడండి.

ట్రెయిలర్‌ను జనం చివర్లో చూస్తారు, దారిలో ఆగిపోయేది మాత్రం దాని వల్లే. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి: 2316 అంటే 2016లో 23వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటితే మార్చాల్సిందే, ఎండకు లోపలి పొరలు విడిపోతాయి. జాకీతో లేపి చక్రాన్ని తిప్పండి, గరగరలాడితే బేరింగ్ పోయింది. పైనా కిందా పట్టుకుని ఊపండి. బోటును పదిహేను నిమిషాలు లాగించి ఆపాక హబ్‌ను చేత్తో తాకండి. వెచ్చగా ఉండొచ్చు, చెయ్యి ఆనించలేనంత వేడి ఉండకూడదు.

పిల్లల లైఫ్ జాకెట్లు బోటుతో పాటు వచ్చినవి వాడకండి, కొత్తవి కొనండి. బరువు చూసి కొనాలి: బాబుకు 30 నుంచి 50 పౌండ్ల చైల్డ్ సైజు, పాపకు 50 నుంచి 90 యూత్ సైజు. తొడిగి బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపండి, జాకెట్ చెవుల దాకా పాకితే వదులు. టెక్సస్‌లో 13 ఏళ్లలోపు పిల్లలు, 26 అడుగుల లోపు బోటు కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలి. లంగరు వేయకుండా గాలికి కొట్టుకుపోతున్నా కదులుతున్నట్టే లెక్క. పెద్దవాళ్లకు తలా ఒకటి, విసిరే రకం ఒకటి, నిప్పార్పే సిలిండర్ ఒకటి. ఆ సిలిండర్ అడుగున తయారైన ఏడాది చూడండి, మళ్లీ నింపలేని రకానికి 12 ఏళ్లే ఆయుష్షు. నడిపేవాళ్లు కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోవాలి. మీరు గానీ ఆవిడ గానీ 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే నడిపే ముందు బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి, ఆన్‌లైన్‌లో అవుతుంది. అమ్మానాన్నలు గాలం పట్టుకుంటే వాళ్లకు నాన్-రెసిడెంట్ ఫిషింగ్ లైసెన్సు కావాలి, 17 ఏళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు.

అమ్మానాన్నలు ఏటా ఆరు నెలలుండి, గాలం కంటే నీడలో కూర్చోవడమే వాళ్లకు ఇష్టమైతే ఈ రెండూ వదిలి పాత పాంటూన్ (గొట్టాల మీద తేలే చదునైన బోటు) చూడమంటాను. ఎక్కడం తేలిక, నీడ ఉంటుంది, చిన్న టాయిలెట్ పెట్టుకునే చోటుంటుంది. కానీ మీరు రాసిన దాన్ని బట్టి పాపకు గాలం మోజు బాగా ఉంది, మార్చి, ఏప్రిల్‌లో శాండ్ బాస్ కోసం వెళ్లాలంటున్నారు. దానికి డీప్-వీయే సరి. మడిచే బిమిని గొడుగు ఒకటి వేయించండి.

నా అంచనాలో టైర్లు, ఇంపెల్లర్, టైమింగ్ బెల్ట్ మీరు మార్చుకోవాల్సి వస్తే 11,500 ఇవ్వొచ్చు. అన్నిటికీ రసీదులుంటే 12,300 దాకా వెళ్లండి. పన్ను కూడా లెక్కలో పెట్టుకోండి, బోటు, మోటారు ధర మీద 6.25 శాతం. టెక్సస్‌లో బోటుకు ఒక టైటిల్ (యాజమాన్య పత్రం), అవుట్‌బోర్డ్ మోటారుకు వేరే టైటిల్. రెండూ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దగ్గర మార్పించాలి, ట్రెయిలర్ మాత్రం కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. మోటారు టైటిల్ ఎక్కడో పోయింది, తర్వాత పంపుతామంటే డబ్బు కూడా తర్వాతే అనండి. వెనక గోడకు కుడివైపు చెక్కిన 12 అక్షరాల హల్ నంబరు, మోటారు బ్రాకెట్ మీది సీరియల్ నంబరు రెండూ మీ ఫోన్‌లో ఫోటో తీసి, టైటిళ్ల మీది నంబర్లతో ఒక్కో అక్షరం సరిచూసుకున్నాకే సంతకం చేయండి. హల్ నంబరులో చివరి రెండు అంకెలు 11 అని ఉండాలి.